ఫొటో కింది బాంబు

చెవిటివాడికి ఫోన్ చేసి గుసగుసలాడేవాళ్ళంటే నాకు మహా చిరాకు. ఆ దీపావళి పొద్దున ఫోన్ చేసిన మనిషి సరిగ్గా అదే పని చేసింది. నాకు కుడి చెవి బొత్తిగా వినపడదు. ఎడమ చెవికి ఫోన్ నొక్కి పెట్టుకుని, గట్టిగా మాట్లాడమ్మా అని మూడుసార్లు కసిరాక తెలిసింది, ఆమె మిలిటరీలో పోయిన నా దోస్తు చెల్లెలని, పక్కనే ఉన్న తల్లికి వినపడకుండా మాట్లాడుతోందని. వాళ్ళది మహబూబాబాద్ దగ్గర ఒక లంబాడీ తండా. నా సొంతూరు జనగామ జిల్లా బచ్చన్నపేట దిక్కున. మిలిటరీ నుంచి వచ్చాక భూపాలపల్లిలో ఒక గోదాముకు సెక్యూరిటీ గార్డుగా చేరి అక్కడే ఉండిపోయాను.

పండుగకు రమ్మని తల్లి అడుగుతోందట. ఆరేళ్ళుగా ఏటా అడుగుతోంది, ఏటా నేను డ్యూటీ ఉందని తప్పించుకుంటున్నాను. ఈసారి కూడా అదే చెప్పబోయాను. కానీ ఆమె ఇంకో మాట అంది. మహారాష్ట్రకు చెరుకు కోతకు వెళ్ళి, పోయిన ఎండాకాలం తిరిగి వచ్చినప్పుడు తల్లి ఒక ఇనుప వస్తువు మూటకట్టుకుని తెచ్చుకుందట. దాన్ని అన్న ఫొటో కింద పెట్టి పూజ చేస్తోందట. ఫొటోలో అన్న చేతిలో ఉన్నదీ అదీ ఒకేలా ఉన్నాయట. తనకు ఎందుకో భయంగా ఉంది, జర చూసి చెప్పు అన్నా అని ఫోన్‌లో దాని బొమ్మ పంపింది.

పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసిన ఎనభై ఒకటి మిల్లీమీటర్ల మోర్టార్ బాంబు అది. తోక రెక్కలు ఒకటి రెండు వంగి ఉన్నాయి. గోదాము గేటు దగ్గర కుర్చీలో కూర్చుని ఆ బొమ్మ చూశాను. ఆ ఇంట్లో చెల్లెలి కూతుళ్ళు, ఇద్దరు చిన్న ఆడపిల్లలున్నారు. దాని మీద పూలు రోజూ మార్చేది ఆ పిల్లలేనని వాళ్ళ అమ్మ నాతో మామూలుగా చెప్పింది.

పిల్లల్ని తీసుకుని బయటికి పొమ్మన్నాను. ఇరుగుపొరుగును ఖాళీ చేయించమన్నాను. దాన్ని ఎవరూ ముట్టవద్దని, పొయ్యి వెలిగించవద్దని అరిచాను. యాడి అప్పుడే నిప్పులు చేసిందని ఆమె ఏడుపు గొంతుతో చెప్పింది. యాడి అంటే వాళ్ళ భాషలో అమ్మ. దీపావళి నాడు తండాలో పోయినవాళ్ళను తలుచుకుని నిప్పుల మీద నెయ్యి, బెల్లం అన్నం వేస్తారు. అంటే బాంబు ముందర నిప్పులు కణకణలాడుతున్నాయన్న మాట.

పోలీసులకు ఫోన్ చేశాను. నా మాట వాళ్ళకు, వాళ్ళ మాట నాకు సరిగ్గా వినపడక ఇద్దరం కాసేపు అరుచుకున్నాం. చివరికి దగ్గరి స్టేషన్ నుంచి మనిషిని పంపుతామని, వరంగల్ నుంచి బాంబుల వాళ్ళను పిలుస్తామని అన్నారు. గేటు వదిలేసి, యూనిఫాం మీదే బస్సెక్కాను.

పరకాల మీదుగా ఆ బస్సు పోతుంటే మనసులో ఒకటే కోరిక, అది డ్రిల్లు బాంబు కావాలని. కొత్తవాళ్ళకు నేర్పడానికి లోపల మందు లేని బాంబులుంటాయి. బొమ్మలో రంగు పోయి పసుపు అంటుకుని ఉంది, అందుకని ఏదీ తేల్చుకోలేకపోయాను. ఫోన్ తీసి చూడటం, లోపల పెట్టడం, మళ్ళీ తీయడం. పక్కన కూర్చున్నాయన విసుక్కుని కిటికీ వైపు తిరిగాడు.

మోర్టార్ అంటే తెలియనివాళ్ళకు చెప్పాలి. అది ఫిరంగి కాదు. మనుషులే విడదీసి భుజాల మీద మోసుకుపోయే ఆయుధం. ఒకరు గొట్టం, ఒకరు అడుగున పెట్టే బరువైన పళ్ళెం, ఒకరు రెండు కాళ్ళ స్టాండు. గొట్టాన్ని ఆకాశం వైపు వాల్చి నిలబెట్టి, పైనుంచి బాంబును జారవిడుస్తారు. అడుగున ఉన్న సూది తగిలి, తోకలోని మందు అంటుకుని, బాంబు పైకి లేచి గుట్ట అవతల పడుతుంది. గుట్ట అవతలివాణ్ణి కొట్టడానికి కాల్బలానికి ఇంతకన్నా తేలికైన దారి లేదు. నా దోస్తు పళ్ళెం మోసేవాడు, పేల్చేటప్పుడు గొట్టంలో బాంబులు వేసేవాడు. చిన్నప్పుడు అడవి నుంచి కట్టెలమోపులు మోసిన వీపు వాడిది. ఈ పళ్ళెం ఒక మోపేనా అని నన్ను ఎగతాళి చేసేవాడు.

మాకు నేర్పిన పంజాబీ ఉస్తాదుకు మోర్టార్ కథలంటే పిచ్చి. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో కూర్చున్నవాళ్ళ కోసం ఇంగ్లండులో ఒక ఇంజనీరు ఈ గొట్టాన్ని తయారుచేస్తే, ఇంత సాదా సామాను ఎందుకని పెద్ద అధికారులు మొదట వద్దన్నారట. తర్వాత అన్ని దేశాలవాళ్ళూ అదే గొట్టాన్ని కొద్ది మార్పులతో చేసుకున్నారు. రష్యావాళ్ళు ఒక్క మిల్లీమీటరు వెడల్పుగా చేసుకున్నారని, దానితో జర్మన్ల బాంబులు దొరికితే తమ గొట్టంలో వేసుకునేవాళ్ళని, తమవి మాత్రం జర్మన్లకు పట్టేవి కావని చెప్పి ఉస్తాదు తొడ చరుచుకునేవాడు. జపానువాళ్ళ చిన్న మోర్టారుకు వంపు తిరిగిన అడుగు ఉండేది. దాన్ని తొడ మీద పెట్టి పేలుస్తారేమోనని అమెరికా సిపాయిలు అలాగే పెట్టి ఎముకలు విరగ్గొట్టుకున్నారట. నా దోస్తు ఆ కథను సెలవులో తండాకు పోయి తల్లికి చెప్పాడు. ఆమె వారం రోజులు అందరికీ చెప్పి నవ్విందట. ఇప్పుడు టీవీలో యుద్ధం వార్తలు వస్తే చూస్తుంటాను. గొట్టం పైన చిన్న డ్రోన్ ఎగురుతూ బాంబు ఎక్కడ పడిందో చెబుతోంది. గొట్టం మాత్రం అదే.

ఏ దేశం గొట్టమైనా ఒక ప్రమాదం మాత్రం ఒకటేనని ఉస్తాదు కథలు ఆపి మరీ చెప్పేవాడు. జారవిడిచిన బాంబు ఒక్కోసారి పేలదు, అడుగునే ఉండిపోతుంది. అది తెలియక దాని మీద ఇంకోటి వేస్తే గొట్టం దగ్గర ఉన్నవాళ్ళు మిగలరు. అందుకని బాంబు బయటికి పోయిందో లేదో చూసే కన్ను ఒకటి ఉండాలి. మా జట్టులో ఆ కన్ను నాది. నేనే జట్టు నాయకుణ్ణి.

పదకొండేళ్ళ కిందట ఒక రోజు శిక్షణ మైదానానికి పెద్ద అధికారి వచ్చాడు. నాలుగు జట్లకు పోటీ పెట్టారు, ఎవరు త్వరగా పన్నెండు బాంబులు వేస్తారా అని. నేను గొట్టం చూడటం మానేసి చేతి గడియారం చూశాను. చుట్టూ మూడు గొట్టాల మోత. మాది ఒకసారి మోగలేదు. నాకు తెలియలేదు, నా దోస్తుకు తెలిసింది. బాంబు చేత్తో పట్టుకుని గొట్టం మూతి దగ్గర ఆగాడు. నా వైపు చూశాడు. నేను, అక్క చెల్లి తిట్టు ఒకటి తిట్టి, వెయ్ అన్నాను. వేశాడు.

నాకు చెవి పోయింది, భుజంలో రెండు ఇనుప ముక్కలు దిగాయి. వాడి శవం పెట్టె మూసే ఉంచాలన్నారు. విచారణలో వాడు ఆగిన సంగతి నేను చెప్పలేదు. మందు లోపమని రాసుకున్నారు. పెట్టె వెంట తండాకు నేనే వచ్చాను. మిలిటరీవాళ్ళ ఇంగ్లీషు కాయితంలో శిక్షణలో ప్రమాదం అని మాత్రమే ఉంది. యాడి చదివి చెప్పమంది. బండి బోల్తా పడిందని చెప్పాను. నా చెవికి కట్టేమిటంటే, అదే బండిలో నేనూ ఉన్నానన్నాను. ఆమె నా తల నిమిరి, నువ్వన్నా బతికినవ్ బేటా అంది. ఆ చెయ్యి తగిలాక నిజం చెప్పలేని పిరికివాణ్ణయ్యాను. మొదట్లో పండుగకు పోయేవాణ్ణి. తర్వాత ఆమె ముఖం చూడలేక మానేశాను.

తండాకు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. జనమంతా దూరంగా మక్క చేన్ల దగ్గర నిలబడి ఉన్నారు. పిల్లలిద్దరూ వాళ్ళ అమ్మ కొంగు పట్టుకుని ఉన్నారు. వాళ్ళను చూశాక సగం ప్రాణం వచ్చింది. కానీ యాడి బయటికి రాలేదట. కూతురు భయపడి బాంబు లాక్కోబోయిందట, నేను ముట్టవద్దన్నా కూడా. దానితో ముసలామె దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఎవరు లోపలికి వచ్చినా గట్టిగా హత్తుకుంటోందట. స్టేషన్ నుంచి వచ్చిన కానిస్టేబుల్ దారిలో తాడు కట్టి, నన్ను కూడా ఆగమన్నాడు. బాంబులవాళ్ళు వచ్చేసరికి ఇంకో గంట పడుతుందన్నాడు. ఈ గంటలో ఆమె లేచి పడితే ఎవరు జవాబు చెబుతారని అతని మీద కేకలేసి తాడు దాటాను. నిజానికి నా భయాన్ని అతని మీద చూపించాను.

తలుపు తీసే ఉంది. లోపల నిప్పుల పళ్ళెం. దాని వెనుక గోడకు నా దోస్తు ఫొటో. గొట్టం మూతి మీద బాంబు పట్టుకుని పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నాడు. ఫొటో కింద తల్లి కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఒళ్ళో బాంబు, పసిపిల్లను పడుకోబెట్టినట్టు. తోక నా వైపు ఉంది. తోక అడుగున మధ్యలో చూశాను. సూది కొట్టిన గుంట స్పష్టంగా ఉంది.

అంటే అది డ్రిల్లు బాంబు కాదు. ఎవరో గొట్టంలో వేసి పేల్చితే ఎగిరిపోయి, నేల మీద పడి, పేలకుండా మిగిలిపోయింది. ఇలాంటివి అన్నిటికన్నా చెడ్డవి. దానిలోపల ఏ తీగ ఎట్లా నిలబడి ఉందో చేసినవాడు కూడా చెప్పలేడు. ఆమె వైపు చూసి నవ్వబోయాను, రాలేదు.

గుమ్మం దగ్గరే కూర్చుని, మెల్లగా మాట్లాడాను. ఎక్కడిదని అడిగాను. పండుగకు నేను వచ్చానన్న సంబరం, కూతురి మీద కోపం, రెండూ కలిపి చెప్పింది. చెరుకు తోటల పక్కన మిలిటరీవాళ్ళు కాల్చే మైదానం ఉందట. అక్కడివాళ్ళు ఇనుప ముక్కలు ఏరి అమ్ముకుంటారట. ఈమెకు వాగు బురదలో ఇది కనిపించింది. చూడగానే ఫొటోలోది గుర్తొచ్చి, కడిగి, చీరలో చుట్టి, జొన్నల మూటలో పెట్టుకుని రైల్లో తెచ్చుకుంది. ఇనుము కొనేవాడు రెండుసార్లు అడిగినా ఇవ్వలేదట. మిలిటరీలో చచ్చినోడి సామాను ఏదీ ఇంటికి రాలేదు, పెట్టె కూడా తెరవనియ్యలేదు, ఇదొక్కటే దొరికిందని అంది.

దాన్ని కదపకుండా పక్కన పరుపు మీద పెట్టమన్నాను. పెట్టలేదు. ఇది పేలుతుందన్నాను. ఇన్నాళ్ళు పేలలేదంది. నీకేమన్నా అయితే పిల్లలు ఏమైపోతారన్నాను. పిల్లలు బయటనే ఉన్నారు కదా అంది. ముసలివాళ్ళ మొండితనం ముందు నా ఉద్యోగం, నా చదువు, నా గొంతు ఏవీ పనికిరాలేదు. చేతులు జోడించాను. దండం పెట్టి ఏడ్చాను కూడా, సిగ్గులేకుండా.

ఆమె నా వైపు జాలిగా చూసింది. “నువ్వే చెప్పినవ్ గద బేటా, బండి బోల్త పడి పోయిండని. ఇన్నేండ్లు దీన్ని చేతులల్ల ఆడిచ్చిండు, వానికేం గాలె. నాకేమైతది?”

పదకొండేళ్ళ కిందట నేను చెప్పిన అబద్ధాన్ని నమ్మి ఆమె బాంబును ఒళ్ళో పెట్టుకుంది. దాన్ని విడిపించాలంటే నా దగ్గర ఇంకొక మాట ఒక్కటే ఉంది. ఆ మాట చెప్పే ముందు కూడా, దొంగనాకొడుకును, ఇంకేదైనా దారి ఉందేమోనని గది అంతా వెతికాను. నిప్పుల మీద బూడిద కట్టి ఉంది. ఆమె బొటనవేలు బాంబు ముక్కు మీద ఉంది.

“బండి బోల్త పడలె యాడీ,” అన్నాను. “దీనితోనే పోయిండు.”

నేను చెప్పాను, గొట్టంలో ఒక బాంబు ఉండిపోవడం, దాని మీద ఇంకోటి పడటం, పెట్టె ఎందుకు తెరవనివ్వలేదో అదీ. నా గొంతు ఎంత ఉందో నాకే తెలియలేదు. బయట కానిస్టేబుల్‌కు కూడా వినపడిందని తర్వాత చెప్పాడు. చెప్పడం అయ్యాక ఆమె ఒళ్ళోకి చూసుకుంది. పసుపు మీద చెయ్యి అలాగే ఉంది.

“వాడు తెల్వక చేసిండా?” అని అడిగింది.

అవునంటే అయిపోయేది. చచ్చినవాడు వచ్చి కాదనడు. ఆమెకు కూడా అదే నమ్మడం సులువేమో. నేను ఫొటో వైపు చూడకుండా ఉండటానికి నేల వైపు చూశాను.

“వానికి తెలుసు. ఆగిండు. నా దిక్కు చూసిండు. నేనే ఎయ్యమన్న.”

ఆమె రెండు చేతులతో బాంబును ఎత్తి నా ముందుకు చాపింది. వద్దు, కదపకు, పక్కన పెట్టు అంటున్నాను. వినలేదు. పట్టుకో అంది. ముసలి చేతులు ఇంకొక క్షణం కూడా ఆ బరువును మోయలేవని కనపడుతూనే ఉంది. మోకాళ్ళ మీద జరిగిపోయి రెండు చేతులూ కింద పెట్టి అందుకున్నాను. నాలుగు కిలోల బరువు, ఆమె ఒంటి వేడితో వెచ్చగా ఉంది. ఆమె గోడ పట్టుకుని లేచి, నన్ను దాటుకుని, వెనక్కి చూడకుండా బయటికి పోయింది.

నేను, అది, నిప్పులు, ఫొటో మిగిలాం. పరుపు రెండు మూరల దూరంలోనే ఉంది. అక్కడికి జరగడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. చచ్చిపోతాననే భయం ఒకవైపు, పోతే పోనీ అనే పాడు ఆలోచన ఇంకొకవైపు. ఆ రెండో ఆలోచన నాకు నిజంగానే వచ్చింది, దాచుకోను. చివరికి పరుపు మీద పెట్టి, చేతులు మెల్లగా లాక్కుని, బయటికి పోయి కక్కుకున్నాను.

బాంబులవాళ్ళు వచ్చి నన్ను చడామడా తిట్టారు. వాళ్ళ తిట్లు న్యాయమే. చేన్ల అవతల గుంట తవ్వి, ఇసుక బస్తాలు పేర్చి, సాయంత్రం కాకముందే దాన్ని పేల్చేశారు. నేల అదిరింది. మట్టి తాటిచెట్టంత ఎత్తు లేచింది. పిల్లలు కెవ్వుమన్నారు, కుక్కలు తండా వదిలి పరుగెత్తాయి. యాడి మాత్రం కూర్చున్నచోటనే కూర్చుని, మట్టి మొత్తం కిందికి దిగేదాకా చూసింది. తన బిడ్డ ఎట్లా పోయాడో ఆమె అప్పుడు చూసింది.

అందరూ ఇళ్ళలోకి పోయాక నేను బస్సు కోసం బయలుదేరాను. చెల్లెలు వెనుక నుంచి వచ్చి, యాడి పిలుస్తోందంది. లోపల ఆమె నిప్పులను మళ్ళీ రాజేసి కూర్చుంది. ఫొటో కింద ఖాళీ పీట. బెల్లం అన్నం, నెయ్యి గిన్నె ముందర ఉన్నాయి. నిప్పుల మీద వేసేవాళ్ళు పోయినవాడిని పేరు పెట్టి పిలిచి, వాడికి చెప్పాల్సింది గట్టిగా చెప్పాలట. ఆమె నెయ్యి గరిటె నా చేతిలో పెట్టింది.

“నాకు చెప్పినవ్. ఇప్పుడు వానికి చెప్పు.”

పేరు పెట్టి పిలిచాను. పదకొండేళ్ళలో ఆ పేరు నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి. నువ్వు ఆగినవురా, నేనే ఎయ్యమన్న అన్నాను. నెయ్యి పడి నిప్పులు భగ్గుమన్నాయి. వాడి చెల్లెలు గుమ్మంలో నిలబడి విన్నది. మంట తగ్గింది.

“ఇనిండు,” అంది యాడి. గరిటె నా చేతిలో నుంచి తీసుకుంది. “ఇగ నువ్వు రాకు.”

చెప్పులు వేసుకుని మహబూబాబాద్ రోడ్డు దాకా నడిచాను. మళ్ళీ దీపావళి వచ్చింది, ఈసారి డ్యూటీకి సెలవు కూడా దొరికింది. పొద్దున్నుంచి ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. ఎవరూ చేయలేదు.